వెంట్రుకవాసి

కొండ దిగుతుంటే మొదలైంది.
అరవై మైళ్ళ దగ్గర ఏమీ లేదు,
ముప్పై దగ్గర ఏమీ లేదు,
సరిగ్గా యాభైకీ నలభైకీ మధ్య,
చేతి తొడుగు సర్దుకుందామని ఒక చెయ్యి తీశానో లేదో
హ్యాండిల్ అడ్డంగా తలూపింది,
కాదు కాదు కాదు కాదని,
ఎవరో అడగరాని మాట అడిగినట్టు.

నేనేం చేశాను? అందరూ చేసేదే.
బిగించి పట్టుకున్నాను. పళ్ళు కూడా బిగించాను.
నేనెంత బిగిస్తే అదంత ఊగింది.
రోడ్డు వారన గొర్రెలు తలెత్తి చూశాయి,
మళ్ళీ గడ్డిలోకి దించుకున్నాయి.

రామ్సీ రేవు వెనక సందులో బ్రీషీ కర్మీన్ షెడ్డు.
డెబ్బై రెండేళ్ళ మనిషి. చెవి మీద పెన్సిలు.
"గాలి," అన్నాను.
"ఈ దీవిలో తప్పులన్నీ గాలివే" అని
నా చేతులకేసి చూసి, "ముందు టీ తాగు" అంది.
నా చేతిలో కప్పు ఇంకా
కాదు కాదంటూనే ఉంది.

ఆమె స్పానర్ ముట్టలేదు చాలాసేపు.
ఊచల్ని ఒక్కొక్కటే గోటితో మీటి విన్నది.
రెండు చక్రాల వెంబడీ దారం లాగి, ఒక కన్ను మూసి చూసింది.
"వెనక పెట్టెలో ఏమిటి?"
"బంగాళాదుంపలు. అత్తకి."
"ఎంత?"
"అర బస్తా."
"ముందు చక్రాన్ని గాల్లోకి లేపేసి
దారి చూపమంటే ఎలా చూపుతుంది?"

తర్వాత హ్యాండిల్ మధ్యలో ఉన్న డ్యాంపర్ మర మీద వేలు పెట్టింది.
"దీన్ని ఎన్నిసార్లు బిగించావు?"
ఏటేటా వేసవిలో అర చుట్టు, అని ఒప్పుకున్నాను.
నా ముందు మా నాన్న కూడా అంతే.
"జ్వరం కనపడకుండా
దుప్పటి మీద దుప్పటి కప్పారన్నమాట."

ఇంజన్ కింద చెక్కపెట్టె దోపి, చక్రం లేపి,
"ఒక్క వేలితో తిప్పు," అంది.
తిరిగింది, తిరిగింది,
తిన్నగా మధ్యకొచ్చేసరికి
టక్కున ఏదో గుంటలో పడి ఆగింది.
అంత చిన్న చప్పుడు. నేను భయపడింది దానికా?

మెడ విప్పాం.
గోధుమరంగు గ్రీజులోంచి ఉక్కు గోళీలు ఏరి సాసరులో పోసింది.
ఇరవై నాలుగు. లెక్క సరిపోయింది.
అయినా ఒక్కొక్కదాన్నే మైక్రోమీటరులో పెట్టి చూసింది.
పదిహేడోది పట్టుకుని
మాట్లాడకుండా కూచుంది.

"ఈ గ్రీజు నాదే,
మీ నాన్నకి నేనే బిగించాను," అంది చివరికి.
ఆ సాయంత్రం ఒక గోళీ జారి బల్ల కిందకి దొర్లిందట.
దుకాణాలు మూసేశారు, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు,
సైకిళ్ళ డబ్బాలోంచి ఒకటి తీసి వేసిందట.
కంటికి ఒకేలా ఉంది.
కన్ను చాలదని అప్పటికే తెలుసట.

వెంట్రుకవాసి పెద్దది.
అంతే, మిగతా ఇరవై మూడూ ఊరికే తిరిగాయి,
బరువంతా అదొక్కటే మోసింది
నలభై ఐదేళ్ళు,
మోసి మోసి ఇనుములో తన గుంట తనే తవ్వుకుంది.

కొత్త గిన్నెలు, ఒకే పొట్లంలోని గోళీలు.
"బిగింపు ఎంతవరకు?" అన్నాను.
"కదులు పోయేదాకా. ఆ తర్వాత పావు చుట్టు కూడా పాపమే.
వదిలేస్తే తన బరువుకి తనే పక్కకి వాలాలి."
డ్యాంపర్ మరని వదులు చేసి నా వైపు చూసింది.
"మళ్ళీ ఊగిందనుకో, పోట్లాడకు. బ్రేక్ జోలికి పోకు.
ట్యాంకు మీదకి వంగు, మోకాళ్ళతో అదుము,
యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించు.
చేతులు మాత్రం
పొయ్యిలోంచి తీసిన రొట్టెని పట్టుకున్నట్టు."

బిల్లు మీద పెన్సిలుతో రాసింది:
టైర్ల గాలి, ఉచితం.
బంగాళాదుంపలు, సగం ఇక్కడ దించు.
గోళీలు, నా బాకీ.

బయటికొచ్చి కిక్ కొట్టబోతూ వెనక్కి చూశాను.
ఆమె మోకాళ్ళ మీద వంగి,
టార్చి వెలిగించి,
బల్ల కింద వెతుకుతోంది.