ఒకటికి నాలుగు

ఇవాళ నేను లేను.
కాగితం మీద ఎప్పుడూ లేను గానీ
ఇవాళ మనిషిగా కూడా లేను.
స్టోర్ గదిలో, డైపర్ల అట్టపెట్టెల నడుమ
బోర్లించిన బకెట్ మీద కూచున్నాను.

సాల్మియాలో మా నర్సరీకి
నాణ్యత చూడ్డానికి మనుషులొచ్చారు.
నెలరోజులుగా ఇదే హడావిడి.
బల్లల అంచులకి రబ్బరు తొడిగాం.
ఆటల తొట్టిలోకి ఇసుక కొన్నాం,
చుట్టూ ఎడారి పెట్టుకుని
కడిగిన ఇసుక, బస్తాల్లెక్కన, రసీదుతో సహా.
'మా విలువలు' అన్న బోర్డు వంకరొచ్చిందని
నదీన్ మేడం మూడుసార్లు ఊడదీయించింది.

టేపు లాగిన చప్పుడు.
చేతులు కడిగే తొట్టి ఎత్తు కొలుస్తున్నారు.
నాకు తెలుసు అదెంతో:
లుల్వా మునివేళ్ల మీద లేస్తే గడ్డం ఆనేంత.
మంచాల మధ్య ఎడం కొలుస్తున్నారు.
అదీ తెలుసు: నా మోకాళ్లు రెండూ పట్టేంత.
మధ్యాహ్నాలు ఆ సందులో కూచునే
అటొకర్ని ఇటొకర్ని జోకొడతాను.

నలుగురు పసివాళ్లకి ఒక టీచరుండాలంట.
మా గదిలో పన్నెండుమంది, ఫైల్లో ముగ్గురు టీచర్లు.
మూడో ఆమె ఫిబ్రవరిలోనే మనీలా వెళ్లిపోయింది,
ఫోటో మాత్రం గోడ మీద నవ్వుతోంది.
ఆమె నలుగురూ అప్పట్నుంచి నా నలుగురు.
నా వీసాలో ఉన్నదేమో చీపురు.
కనబడితే ఫైలు తప్పు,
కనబడకపోతే లెక్క తప్పు.
ఏ తప్పు చిన్నదో రాత్రంతా ఆలోచించి
మేడం నాకు బకెట్ చూపించింది.
లెక్కల అమ్మాయి మెళ్లో టీచరు కార్డు వేసింది.

పదిన్నరకి మొదలైంది.
ముందు హమద్. తర్వాత అందరూ,
గడ్డివామి అంటుకున్నట్టు.
అప్పుడు తలుపు కిందినుంచి ఆ గొంతు:
"దా. ఓబూ, దా."

ఏమంటోంది? అరబ్బీలో ఎవరో అడిగారు.
బాబా అనడం ఇంకా రాలేదండీ, అంది మేడం.
అబద్ధం. ఆ పిల్లకి అన్నీ వచ్చు.
ఓబులమ్మని సగానికి విరుస్తుంది, అంతే.
మిగతాదంతా చక్కటి రాజంపేట:
దా, బువ్వ, ఒద్దు పో.

తలుపు మీద చిన్న అరచెయ్యి.
లోపల గొళ్లెం లేదు.
పిల్లలున్నచోట ఉండకూడదని రాసుందని
పోయిన వారమే పీకించాం.
బయటిది పెద్దవాళ్ల ఎత్తులో ఉండాలి. ఉంది.
తీసింది పెద్దావిడే.

వెలుతురు.
నల్ల అబాయా అంచుకి మేం కొన్న ఇసుక.
ఆ పక్కనుంచి లుల్వా దూరొచ్చి
ముక్కు నా భుజానికి తుడుచుకుంది.
వెనక హమద్. ఆ వెనక ఇంకో ఇద్దరు.
ఆవిడ పెదాలు లెక్కపెట్టుకోవడం చూశాను.

పేరడిగింది. చెప్పాను.
ఇక్కడ నీ ఉద్యోగం ఏంటంది.
నేను మేడం వైపు చూశాను,
మేడం విలువల వైపు చూసింది.

సరే, 'దా' అంటే?
"తాల్," అన్నాను. వచ్చెయ్ అని.

ఆవిడ పెన్ను ఏదో గడి మీద ఆగింది.
ఏ గడో వంగి చూద్దామంటే
లుల్వా అప్పటికే నిద్రపోయింది.
కదిల్తే లేస్తుంది.