కలగలుపు బియ్యం

శనివారం మధ్యాహ్నాలు
లుంగ్లేయ్ కొండ దిగువ వీధిలో
గడప గడపకీ తిరిగి బియ్యం పోగుచేసేది నేనే.
వీపున వెదురుబుట్ట, నుదుటి మీదుగా దాని పట్టీ,
చేతిలో అట్ట చిరిగిన లెక్కల పుస్తకం.

ఇక్కడ ఎసట్లో బియ్యం పోసేముందే
పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు.
పూటకో పిడికెడు, దేవుడి పాలు.
కొత్తకోడలిగా వచ్చిన రోజు మా అత్త చెప్పింది:
"ఎసరు మరగకముందే తియ్యి.
మరిగాక ఆకలి లెక్కలు మొదలుపెడుతుంది."

పద్నాలుగేళ్ళుగా తూస్తున్నాను గనక
మూత తియ్యగానే ఇల్లు తెలిసిపోతుంది.
పిల్లాడికి ఉద్యోగం దొరికిన వారం,
అల్లం ధర పడిపోయిన ఏడు,
అలిగి పుట్టింటికి వెళ్ళిన కోడలు,
అన్నీ గ్రాముల్లో ఉంటాయి నా పుస్తకంలో.
ఎవరికీ చెప్పను.

రోఛింగ్‌పుయీ డబ్బా పాలపొడి డబ్బా.
మొగుడి డయాలిసిస్‌కి ఐజోల్‌లో చేసిన అప్పు
మొగుడు పోయినా పోలేదు.
మగ్గం మీద పువాన్లు నేసి తీరుస్తోంది.
ఒక వారం రెండొందల గ్రాములు. ఒక వారం నూటనలభై.
అవి కూడా నూకలు, ఉడకని ముతకరకం.
"ఈ నెలకి ఊరుకో అక్కా,
సున్నా అని రాయన్లే" అన్నాను.
నాడె ఆపకుండానే అంది:
"అప్పిచ్చినవాడికి ఒక్క నెలా తప్పించలేదు.
ఆయన అడగడు కదా అని ఆయనకే ఎగ్గొట్టనా?"

ఒకసారి ఎక్కణ్ణుంచో ఒక బోధకుడు వచ్చాడు.
ఇచ్చినదానికి నూరంతలు వస్తుందని
బల్ల గుద్ది చెప్పాడు.
ఆ రాత్రి లెక్కేశాను, ప్రభువు క్షమించుగాక.
పద్నాలుగేళ్ళ పిడికిళ్ళకు నూరంతలంటే
మా ఇంటి మెట్లు దిగి కింద రోడ్డు దాకా బస్తాలు.

వచ్చింది జూన్ వాన.
కొండచరియ జారి
మా ఆయన సుమో లోయలో పడింది.
మనిషి దక్కాడు. వాయిదాలూ దక్కాయి,
ముప్ఫై ఎనిమిది.
కాలు కట్టుతో ఆయన మంచం మీద,
నేను మోకాళ్ళ మీద.
ఏం అడగాలో తెలియక
కిరాణాకొట్టు బాకీ చదివి వినిపించాను దేవుడికి,
ఒక్కో పద్దూ, ఉప్పు దగ్గర్నుంచీ.
ఆయన విన్నాడనే అనుకుంటున్నాను.
జవాబు మాత్రం ఇంకా రాలేదు.

పోగైన బియ్యాన్ని సంఘం అమ్ముతుంది,
అంగడి కంటే చవగ్గా.
అయినా కొనేవాళ్ళు తక్కువ.
అరవై ఇళ్ళ గింజ ఒకచోట కలిసింది కదా,
ఒకటి మెత్తబడేసరికి ఒకటి పలుకుగానే ఉంటుంది.
పన్నెండు కిలోలు అడిగాను, అరువుకి.
సంఘపెద్ద జిర్‌సాంగ్లియానా
నా ముఖం చూడకుండా తూచాడు,
ముల్లు సరిపోయాక కూడా ఇంకో దోసెడు వేశాడు.
నా పుస్తకంలో నా పేరు
మొట్టమొదటిసారి బాకీల వైపు రాసుకున్నాను.
చేతిరాత వంకర పోయింది.

ఇంటికొచ్చి చాటలో పోసుకుంటే
పోడు పొలాల ఎర్రగింజ,
రేషన్ నూకలు,
ఎవరింట్లోనో పండగకి కొన్న సన్నబియ్యం.
ఎసరు పెట్టాను.
అలవాటైన చెయ్యి తనంతట తానే పిడికెడు తీసింది.
ఆగాను.
ఇది ఒకసారి ఇచ్చేసిందే కదా.
ఇంకొకరి కానుకని మళ్ళీ ఇస్తే
అది ఎవరి లెక్కలోకి పోతుంది?
పైగా ఇంకా డబ్బు కట్టని బియ్యం.
పిడికిలి మూసుకుని అలాగే నిలబడ్డాను.
నీళ్ళు అడుగున చిటపటమంటున్నాయి.

మరగకముందే
డబ్బాలో వేశాను.

అన్నం సగం మెత్తన, సగం పలుకు.
మా ఆయన చాలాసేపు నమిలి
"ఈ గట్టి గింజ ఎవరింటిదో!" అన్నాడు.
నాకు తెలుసు.
ఇంకొంచెం వడ్డించాను.