విశేషాలు: ఏమీ లేవు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పొద్దున ఏడింటికి మా మీటింగు.
మీటింగంటే మరేం లేదు,
కాటా పక్కన నాలుగు కుర్చీలు,
ఐదో మనిషికి మిరపకాయల టిక్కీ,
ఘాటుకి దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గి రావడం.
స్వరాజ్యం గారు అడుగుతారు, రాత్రి ఎట్టా గడిచింది?
బానే గడిచిందండీ, అంటాం వరసగా.

రిజిస్టర్లో ఆఖరి గడి పేరు విశేషాలు.
పదకొండేళ్ళుగా అక్కడ నా దస్తూరీలో ఒకటే మాట:
ఏమీ లేవు.

ఏమీ లేని రాత్రి
నాకైతే ఒక్కటీ గుర్తులేదు.

ఆ మంగళవారం రెండున్నరకి
కంప్రెషర్ గుక్కపట్టి ఆగింది.
మళ్ళీ వేశా, మళ్ళీ ఆగింది.
మూడో గదిలో ముల్లు ఐదు దాటి ఏడుకి పాకింది.
లోపల రైతుల తేజ, ఎనిమిది వేల టిక్కీలు,
రంగు పోతే రేటు పోయినట్టే.
గ్యాసేమో అనుకున్నా, కాదు.
మోటారేమో అనుకున్నా, కాదు.
చివరికి డాబా మీద నీళ్ళ తొట్టి జల్లెడలో
దొరికింది దొంగ:
పిడికెడు మిరప తొడిమలు, బురద, ఒక పావురం ఈక.
చేత్తో లాగి పారేశా.
కళ్ళు తుడుచుకోకూడదని గుర్తొచ్చేసరికి
తుడుచుకోవడం అయిపోయింది.

తెల్లారేసరికి ముల్లు తన చోటికి తనే వచ్చి కూచుంది
ఏమీ ఎరగనట్టు.
నేనూ దాని పక్కన అట్టాగే.
సరైపోయిన దానికి చాటింపెందుకు?
పైగా చెబితే మొదటి ప్రశ్న తెలిసిందేగా,
నీ డ్యూటీలోనే ఎందుకయింది?
ఇంకోటి కూడా ఉంది, ఒప్పుకోవాలి:
ఆ జల్లెడ సంగతి నాకొక్కడికే తెలియడం
లోపలి జేబులో దాచుకున్న నోటులా
వెచ్చగా ఉంది.

పన్నెండు రోజులకి సుభాని ఫోను.
తెల్లవారుజామున నాలుగు.
ఇరవై రెండేళ్ళ పిల్లాడు, మాట వణుకుతోంది.
బాబాయ్, ఒంటిగంట నుంచీ ఆగిపోతా ఉంది,
గొట్టాలన్నీ తడిమి చూశా,
ఎలక్ట్రీషియన్ ఫోను ఎత్తట్లా,
మూడో గది తొమ్మిదికొచ్చింది, నా ఉద్యోగం...

జల్లెడ చూడరా, అన్నా.
అప్పటికి కళ్ళైనా తెరవలేదు నేను.

అటుపక్క కాసేపు ఏం లేదు.
తర్వాత మెల్లిగా,
నీకెట్టా తెలుసు బాబాయ్?

చొక్కా వేసుకుని బండి తీశా.
చుట్టుగుంట దాకా ఆ మాటే
వెనక సీట్లో కూచుని వచ్చింది.

ఏడింటికి అదే కాటా, అవే కుర్చీలు.
స్వరాజ్యం గారు అడిగారు.
నావైపు చూడకుండా ఉండటానికి
సుభాని చాలా కష్టపడ్డాడు.
టిక్కీ మీంచి లేచా, ఎందుకో కూచుని చెప్పలేకపోయా.
ఇదే నాకూ అయిందండీ,
పోయిన మంగళవారం కాదు, ఆ ముందుది.
సరిచేశా.
చెప్పలా.

తిడతారనుకున్నా.
ఆవిడ పెన్సిలు చెవి మీద పెట్టుకుని,
తొడిమలు డాబా మీదికి ఎట్టా వచ్చినయ్? అన్నారు.
అప్పుడు దస్తగిరి, ముఠా మేస్త్రి,
మీటింగుల్లో ఎన్నడూ నోరిప్పని మనిషి,
గొంతు సవరించుకున్నాడు.
తూర్పు గోడ కూలినకాడ్నించి
ఊడ్చిందంతా డాబా మెట్ల కాడే పోస్తన్నారమ్మా,
ఆపైన గాలి మా చేతుల్లో ఉందా?

మెషీన్ రూముకీ ముఠా షెడ్డుకీ మధ్య
ముప్పై అడుగులు.

ఏసోబు తాత నవ్వడం మొదలెట్టాడు.
నాకు రెండుసార్లయిందిరా, పోయినేడు.
నేనూ రాశాగా, ఏమీ లేవని.

ఆ పొద్దున నాకు గడి చాల్లేదు.
గీత దాటి, అంచు దాటి
సంతకం చోట్లోకి పోయింది రాత.

ఇప్పుడు తొట్టి మీద వల ఉంది.
చెత్త పడమటి గేటు దగ్గరికి మారింది.
కంప్రెషర్ ఆగడాలు ఆగలేదు,
యంత్రం కదా, కొత్త కారణాలు వెతుక్కుంటోంది.
ఇవాళ సుభాని గ్రీజు చేతులతోనే వచ్చాడు,
ఎవరూ అడక్కముందే,
రాత్రి ఒకటయిందండీ, సరైంది కూడా, చెప్పనా?

దస్తగిరి తన కుర్చీ
కాస్త దగ్గరికి లాక్కున్నాడు.