ఉన్నవే మూడు

కొత్తగా చేరిన మీ ఐదుగురికీ
సంచిలో ఏమేం సర్దుకోవాలో
పెద్ద సిస్టరు చెప్పే ఉంటుంది.
నేను చెప్పేది నా తప్పు గురించి.

ఫోర్ట్ పోర్టల్ దాటాక తేయాకు తోటల మధ్య ఎర్రమట్టి దారి.
వాన పడితే మోటారు సైకిలు మనల్ని మోయదు,
మనమే దాన్ని మోయాలి.
ఆ దారి చివర రేకుల ఇంట్లో రువాహేరు.
కుడి భుజం ఎముకలో కాన్సరు, చెయ్యి లేవదు.
పెద్దాసుపత్రి వాళ్ళు కాగితం మీద
ఒకే వాక్యం రాసి ఇంటికి పంపారు:
ఇక చేసేదేమీ లేదు.
ఆ కాగితాన్ని మడత మీద మడత పెట్టి
బైబిల్లో దాచింది మనవరాలు,
అదేదో మందుచీటీ అయినట్టు.

గుమ్మంలో ముందు ముద్దుపేరు అడగాలి, మరిచిపోకండి.
ఇక్కడ ఎంత ముసలివాడికైనా అదొకటి ఉంటుంది.
అది పలక్కుండా జబ్బు గురించి అడిగితే
తలుపు తట్టకుండా లోపలికి దూరినట్టే.
"అమూటి" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి.
"అమూటీ, చెయ్యి చూపించు" అన్నాను.

పిడికిలైతే నొప్పి లేనట్టు.
ఒక వేలు, కొంచెం.
ఐదూ విప్పితే ఇక ఓర్చుకోలేనట్టు.
ఇది మీకు మొదటి రోజే నేర్పారు, నాకూ నేర్పారు.

దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి మెల్లగా పైకొచ్చింది.
కిటికీ మూసిన చీకటి, పొయ్యి పొగ.
మూడు వేళ్ళు లెక్కపెట్టాను.
మూడు అని రాసుకున్నాను.
మూడుకి తగ్గ ఆకుపచ్చ మందు
పాత నీళ్ళసీసాలో పోసి, కొలత చూపించి,
చీకటి పడకముందే కొండ దిగాలని
తొందరగా లేచాను.

వారానికి వెళ్తే
కొబుసింగె వాకిట్లోనే ఎదురొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల.
"రాత్రుళ్ళు దుప్పటి అంచు నములుతున్నాడు" అంది.
తెచ్చి చూపించింది. పీలికలు.
"మూడే కదా చూపించాడు" అన్నాను.
కోపంగా కాదు, కూడిక రాని పిల్లని
లెక్కల మాస్టారు చూసినట్టు చూసింది.
"ఉన్నవే మూడు.
మిగతా రెండూ టీ ఫ్యాక్టరీ మిషను తినేసింది,
నేను పుట్టకముందు."

ఏడు రాత్రులు.
ఆ మనిషి తన దగ్గరున్నదంతా పైకెత్తి చూపించాడు.
నేను దాన్ని సగం అనుకున్నాను.

మందు పెంచాను. మలం గట్టిపడకుండా
బొప్పాయి గింజలు ఎండబెట్టి నూరమన్నాను.
కొబుసింగె బైబిల్లోంచి ఆ కాగితం తీసింది,
వెనకవైపు పొయ్యి బొగ్గుతో రాసుకుంది:
ఆరు, పది, రెండు, ఆరు,
రాత్రి పదికి రెట్టింపు.

నొప్పి తగ్గిన మనిషి సాధువవుతాడని అనుకోకండి.
మూడో రోజుకి లేచి కూర్చుని
తమ్ముణ్ణి పిలిపించి
ఎప్పటిదో మేక బాకీ గురించి కడిగి పారేశాడు.
రాగిజావలో పంచదార తక్కువైందని అలిగాడు.
రేడియోలో ఫుట్‌బాల్ వింటూ
ఓడిన జట్టు గోల్‌కీపరుని
నా ముందే నోటికొచ్చినట్టు తిట్టాడు.
ఆ తిట్లు విన్నంత హాయిగా
నేనే పాటా వినలేదు.

ఇరవై రెండు రోజులు అలా ఉన్నాడు.
చివరి రెండు రోజులు మాట లేదు.
చెయ్యి మాత్రం అడక్కుండానే లేచింది.
మూడు వేళ్ళూ ముడిచాడు.
రెండు మొండిముక్కలు ముడవడానికి రావు,
అవలా నిలబడే ఉన్నాయి.
ఈసారి దీపం దగ్గరకి జరిపి చూశాను.

మనం నింపే కాగితంలో "ఎన్ని వేళ్ళు" అని ఒక గడి ఉంది.
దాని పక్కన పెన్సిలుతో
నేనొక గీత గీసుకుంటాను: ఎన్నింటిలో?
అచ్చు వేయిస్తానని సిస్టరు రెండేళ్ళుగా అంటోంది.
అందాకా మీరూ పెన్సిలుతోనే రాయండి.
సంచిలో టార్చి పెట్టుకోండి.