బ్రేకులో రేకు

మెకానిక్ మజూరీ మిగిలిందన్న సంబరం
ఒక్క పూటే.

ఆదివారం పొద్దున్నే జాకీ ఎత్తి, ముందు చక్రాలు విప్పి
అరిగిన ప్యాడ్లు పీకి కొత్తవి దోపాను.
సంతల్లో కళ్ళజోళ్ళమ్ముకునేవాణ్ణి,
చీమ తలంత మరల్ని బిగించే చేతులు,
ఇంతలావు బోల్టులు ఒక లెక్కా అనుకున్నాను.

సాయంత్రం పొట్టంగి బజార్లో బ్రేకు తొక్కితే
కీ...చ్!
అల్లం బస్తాల మీద కునుకు తీస్తున్నాయన
దిగ్గున లేచి నాకేసి చూశాడు,
కలని సగంలో కోసేసినట్టు.

సోమవారం సుంకి ఘాటీ దిగుతుంటే
మలుపు మలుపుకీ అదే కూత.
కొండ దాన్ని పట్టుకుని
కాసేపాగి నాకే విసిరికొట్టేది.
హారన్ కొట్టకుండానే మేకలు తప్పుకున్నాయి.
చెక్‌పోస్టు కుర్రాడు కాగితాలడగలేదు,
చెవులు మూసుకుని పొమ్మని తలాడించాడు.
బండి ఆగుతోంది, ఆగడంలో లోటేమీ లేదు.
ఆగుతున్నానని ఊరంతటికీ చెప్పుకుంటోంది, అంతే.

ట్రాక్టర్ల సనాతన్ ఖిలో
చక్రం విప్పనైనా విప్పలేదు.
బీడీ పక్కన పెట్టి ఒకే మాట:
"పాతొ కాహిఁ?"
పాతవేవీ అంటున్నాడనుకున్నాను.
ఒడియాలో పాతొ అంటే రేకట.
ఎలా విన్నా ఒకటే అయింది,
పాతవాటి వీపునే ఉండిపోయాయి ఆ రేకులు.
"అవి లేకపోతే ఇనుముకీ ఇనుముకీ
మాటా మాటా పెరుగుతుంది బాబూ.
మధ్యలో ఒకరుండాలి, పల్చగా."

ఇంటికొచ్చి బూడిదకుప్ప కెలికాను.
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది లేదు.
పెరడంతా, మురిక్కాలవ గట్టంతా వెతికాను,
టార్చిలైటుతో కోళ్ళగూడు కూడా.

హేమసుందరి వంటింట్లోంచి
ఏం వెతుకుతున్నావని అడగలేదు.
నేనే నీళ్ళు తాగడానికెళ్ళి చూశాను.
కొండవైపు కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్య
నల్లగా, చక్కగా, నాలుగోది.
గాలికి రాత్రంతా టకటకలాడే కిటికీ.
మూడు వానాకాలాలు చెప్పింది,
నాలుగో వానాకాలం చెప్పలేదు.
బాగయిందేమో అనుకున్నాను నేను.

లాగాను. వచ్చేసింది.
ఆమె చారులో పోపు వేసింది.

మర్నాడు సనాతన్ దగ్గర కూర్చుని
ప్యాడ్ల ముఖం మీది నిగనిగని
గరుకు కాగితంతో రుద్దాను.
అంచులు ఆకురాయితో కొంచెం వాల్చాను.
గ్రీజు కాటుకంత, వీపుకే,
ముఖానికి అంటిందా
ఘాటీలో నీ ముఖం నువ్వే చూసుకోవాలన్నాడు.
జారే పిన్నులు తుడిచి, వాటికీ ఓ పూత.
రేకులు నాలుగూ వాటి వాటి చోట.

"కొత్త చెప్పుల్లాంటివే, ముందు కరుస్తాయి" అని
సెమిలిగూడ వైపు చదును రోడ్డు చూపించాడు.
యాభైలో వెళ్ళి పదికి దింపు,
పూర్తిగా ఆపకు, మళ్ళీ యాభై.
అలా పదిసార్లు.
తర్వాత బ్రేకు ముట్టకుండా పోతూ ఉండు,
వేడి దానంతటది దిగాలి.
పోయాను. రాగుల చేలు, ఇటుక బట్టీ,
ఎవరిదో బర్రె నన్నే ఎగాదిగా చూడడం.
ఆరోసారికి కూత సన్నగిల్లింది,
తొమ్మిదోసారికి సణుగుడు,
పదోసారికి
టైర్ల కింద కంకర మాత్రం వినబడింది.

ఆ రాత్రి బండి పెరట్లో నోరు మూసుకుని పడుకుంది.
కిటికీ అందుకుంది.
టక. టకటక. టక.
హేమసుందరి అటు తిరిగి పడుకుంది.
నిద్రపోతే ఊపిరి వేరుగా ఉంటుంది, నాకు తెలుసు.
లేచి కళ్ళజోడు డబ్బా మూత చింపి దోపాను,
పది నిమిషాలకి జారి గిన్నెలో పడింది.

బుధవారం కోరాపుట్‌లో
స్పేర్‌పార్టుల కొట్టుకెళ్ళి
బ్రేకు రేకులు ఒక జత అడిగాను.
ఏ బండికన్నాడు.
వంటింటికి అన్నాను.
మోడలు రాసుకోబోయిన పెన్ను
కాసేపు అలాగే పట్టుకున్నాడు.