చేదు

వాణ్ని నా చేతికిచ్చిన పొద్దు
హసీనా సిస్టరు ముందు నా గోళ్లు చూసింది.
చూడల్ల మరి.
ఎనిమిదేండ్లప్పటి నుంచి కూడేరులో
శేరుకింతని చెనక్కాయలొలిచిన గోళ్లివి.
మా ఇంటి మీద రేకులు కప్పింది చెనక్కాయ.
వాన ఎగేసిన ఏడు మమ్మల్ని బస్సెక్కించి
ఈ గుల్జార్‌పేట సందులో దించిందీ అదే.

"ఒక్క బద్ద చాలు పెద్దమ్మా,
గొంతు మూసకపోతాది" అనె.
నాకు నవ్వొచ్చె.
అనంతపురంలో పుట్టి చెనక్కాయ పడనోడా?
చేపపిల్లకి నీళ్లు పడవన్నట్టు.

ఆ సాయంత్రం ఆమె సంచిలోంచి సూది తీసి
నా వంకాయ మీదే నాకు నేర్పె.
ఇట్ల పట్టుకో. తొడకి. బట్ట మీదనే అయినా సరే.
భయపడకు, భయం తర్వాత పడొచ్చు.
మూడు వంకాయలు పొడిచినాక
నవ్వు యాడికి పోయెనో.

పొడుల డబ్బాలు చెల్లెలింటికి పంపిస్తి.
ఊరుబిండి నూరిన రోలు
వేన్నీళ్లతో మూడు మార్లు కడిగి, నమ్మకం చాలక
గోనెసంచి కప్పి మూలకి నెడితి.
నూనె మారె, తాలింపు వాసన మారె.
మా ఆయన సంగటి ముద్దలో గుంత చేసుకోని
అందులో ఏమేసుకోవల్లో తెలీక నా మొగం చూసె.
"నాలుగువేల జీతానికి
నా నోరు కట్టేస్తివి కదే."
ఇప్పుడు బయట తినొస్తాడు.
దొంగ బీడీ తాగినోని మాదిరి
కొళాయి కాడ పుక్కిలించి, చేతులు వాసన చూసుకోని
అప్పుడు వాణ్ని ఎత్తుకుంటాడు.

ఆ సోమవారం కరెంటు లేదు.
జుబేరు గడప మీద కూచోని
చీమల్ని లెక్కబెడతాండాడు, నాలుగు దాకా వచ్చు,
మళ్లా ఒకటి నుంచి.
పక్కింటి ఓబుళమ్మ అరుగు మీద ఏదో నములుతా ఉంది.
ఏందో నేను చూడలేదు.
అదే, నేను చూడలేదు.
లేచిపోతా పోతా వాని బుగ్గ గిల్లింది,
ముద్దుకే.

బియ్యం కడిగి వచ్చేలోపల
బుగ్గ మీద రెండేళ్లు ఎర్రగా లేచినాయి.
వేళ్ల అచ్చులే. ఆమె ముద్దు ఎంత పొడుగో అంత.
తర్వాత మెడ.
తర్వాత కన్ను.

సిరప్పు తాగిపిస్తి. సగం నా కొంగు తాగె,
మళ్లా పోస్తి.
ఫోన్లో సిస్టరు, వార్డులో ఎవరో మూలుగుతాండారు వెనక,
"ఊపిరి ఈలేస్తాందా? పెద్దమ్మా, గొంతు మారిందా?"
వాని రొమ్ముకి చెవి పెడితి.
నా గుండె చప్పుడే వినపడె, దాన్ని పక్కకి తోసి
మళ్లా వింటి.
ఈల లేదు.
మస్తాను ఆటో. సప్తగిరి సర్కిల్లో ఎర్ర లైటు.
నా గుప్పిట్లో సూది, మూత మీద బొటనవేలు.
ఆటో కుదుపుకి వాడు నవ్వినాడు,
వాచిన కన్నుతోనే.
మూత తీయకనే ఆస్పత్రి వచ్చె.

ఓబుళమ్మ వారం రోజులు సందులోకి రాలేదు.
వచ్చిన రోజు గడప అవతలే నిలబడి
సబ్బుతో కడిగిన చేతులు రెండూ
ముందుకి వెనక్కి తిప్పి చూపించె.
నేను ఏమీ అనలేదు. అనాల్సింది ఆమెనా, నన్నా?

నిన్న బండిమీద వేయించే వాసన గాలికి లోపలికొస్తే
కిటికీ మూసేస్తి.
వాడు అడిగినాడు,
"అవ్వా, అది తీపా?"

పచ్చికాయ పాలు నా నాలిక మీదికొచ్చె.
వాన పడిన మడి, పీకిన చెట్టు, మన్ను దులిపి
మా అమ్మ నోట్లో పెట్టిన మొదటి కాయ.

"చేదు" అంటి.
నన్ను సాకిన గింజని, చేదు అంటి.

"మరి నువ్వెందుకు తిన్యావు?"

"ఆకలికి."

ఒక గడియ నా మొగం చూసి
చీమల కాడికి పోయినాడు.
ఇప్పుడు ఐదు దాకా వచ్చు.