పక్కకు ఒరిగిన ఏడు

ముందే చెప్తున్న, నాకు హాకీ రాదు.
నాకు వచ్చింది కొలతలు.
అడ్డగుట్ట పోరగాళ్ళ ఛాతి ఎంత, నడుమెంత,
నిద్రల లేపి అడుగున్రి, చెప్త.
గోల్‌కీపర్ పోచమల్లుకు ఎడమ భుజం
ముప్పావు ఇంచు కిందికుంటది.
వాళ్ళమ్మకు కూడ తెల్వదు ఆ ముచ్చట.

అంగీల ఎనక అంకెలు కుట్టింది నేనే.
కరెంటు పోయిన రాత్రి కుట్టిన ఏడు
జర పక్కకు ఒరిగింది.
డెన్జిల్ సార్ కండ్లద్దాలు ఎత్తి చూసిండు,
"ఫర్వాలేదు రాజమణీ,
ఉరికేటప్పుడు అందరు ఒరిగే ఉంటరు" అన్నడు.
పైసలు ఇయ్యలే. ఇంకా ఇయ్యలే.

సెమీఫైనల్ల ఎదుటోళ్ళు
మూడేండ్ల సంది కప్పు ఇంటికి మోస్తున్నోళ్ళు.
కప్పు మోస్తరు గని సంచులు మొయ్యరు.
నీళ్ళకు ఒకడు, మంచుగడ్డలకు ఒకడు,
పిక్కలు పిసుకనీకె ఒకడు.
మావోళ్ళు ట్రాలీ ఆటోల
కర్రల మీద కర్రలోలె పడి వచ్చిన్రు.
పోచమల్లు కాళ్ళకు కట్టుకున్న ప్యాడ్లు
ముషీరాబాద్ టీముకాడ అడుక్కొచ్చినయి.
చినిగినకాడ తార్పాలిన్ ముక్క ఏసి
చెప్పులు కుట్టే సూదితోని కుట్టిన,
బొటనేలుకు ఇంకా మచ్చ ఉన్నది.

మొదటి పావుగంటల్నే రెండు గోల్సు.
నా పక్కన కూసున్న పెద్దమనిషి
"అయిపాయె" అనుకుంట
టిఫిన్ డబ్బ ఇప్పిండు.
నేను పల్లికాయ పొట్టు ఏరుకుంట కూసున్న.
తల ఎత్తబుద్ధి కాలే.

అటెనక ఏమైందో
వరుసగ చెప్పరాదు నాకు.
నీలి టర్ఫు మీద నీళ్ళు తుంపర్లు లేస్తుంటే
ఒరిగిన ఏడు,
ముగ్గురి నడుమకెల్లి
సూదిబెజ్జంల దారం దూరినట్టు దూరిండు.
ఒకటి.
ఆఖరి నిమిషంల పెనాల్టీ కార్నరు,
అందరు ఒక్కదగ్గర కుప్పవడ్డరు,
ఎవని కర్ర తాకిందో
మావోళ్ళల్ల ఇప్పటికీ పంచాయితే.
రెండు.

షూటౌట్ అన్నరు.
ఒక్కొక్కనికి ఎనిమిది సెకండ్లట.
ఎనిమిది సెకండ్లల్ల
నేను ఒక గుండి సుత కుట్టలేను.
మావోళ్ళు ఒక గోలు ముంగటున్నరు,
వాళ్ళ ఆఖరోడు మిగిలిండు,
ఆరడుగుల పొడుగు, ఉతికిన అంగీ.
పోచమల్లు ఎడమదిక్కు చూసుకుంట వస్తుండు.
ఆ భుజం సంగతి వీనికెవడు చెప్పిండ్రా అని
నా కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఎడమదిక్కే కొట్టిండు.
పోచమల్లు చెయ్యి అందలే,
కాలు అందింది.
ఆ సప్పుడు తోలు సప్పుడు కాదు.
తార్పాలిన్‌ది.
వెయ్యిమంది ఒర్రినా నేను గుర్తుపడ్త.

నేను సుత ఒర్రినట్టున్న.
ఏమని ఒర్రిన్నో యాదికి లేదు.
పెద్దమనిషిని పట్టుకొని ఊపిన,
ఆయన డబ్బల సాంబారంత నా చీర మీదికొచ్చింది,
ఆయన ఏడుస్తుండు, నేను నవ్వుతున్న,
ఆయన పేరు ఇప్పటికీ తెల్వదు.

హఫీజ్‌పేటల ఎంఎంటీఎస్ ఎక్కిన.
గొంతు లేదు, ఒట్టి గాలి వస్తుంది.
ఎదురుంగ పిల్లగాడు చీర దిక్కు చూసి
"ఏమైంది ఆంటీ?" అన్నడు.
"మ్యాచ్ గెలిచినం."
ఫోన్ల కిందికి మీదికి ఎతికి
"ఇయ్యాల మ్యాచే లేదు కద ఆంటీ" అన్నడు.
బోరబండ పోయింది. ఫతేనగర్ పోయింది.
లేదులే బిడ్డా అన్న.
మూతి మూసుకుందామంటె మూసుకపోతలేదు,
బేగంపేట దాంక పండ్లు కనవడుకుంటనే ఉన్న.

రాత్రి పదింటికి ఏడోనంబరోడు వచ్చిండు,
చెమటంగీ చుట్టి చంకల పెట్టుకొని.
అంకె సగం ఊడి ఏలాడుతుంది.
"ఈసారన్న సక్కగ కుట్టక్కా, ఆదివారం ఫైనలు."
ఫైనల్ల రైల్వేవోళ్ళు.
ఓడుతరు. నాకు తెలుసు, వానికీ తెలుసు.
సూదిల దారం నాలుగుమాట్ల తప్పింది.

అంకెను సక్కగ పెట్టి చూసిన,
వాడు కాదనిపించింది.
ఎట్ల ఒరిగిందో అట్లనే కుట్టిన,
దారం మాత్రం రెండు పోగులేసిన.
గెలిచినా ఓడినా
సోమవారం పొద్దుగాల
డెన్జిల్ సార్‌ని పైసలు అడుగుత.